తరుగు

పొగతోటలో మేడ మీద గది.
నస్రీన్ అనే పిల్ల నా చేతిలో ఒక కాగితం పెట్టింది.
"పదిహేనేళ్ళ నించి పాతికేళ్ళ దాకా
అవ్వ ఏ పాటలు పాడుకునేదో రాసుకురా తాతా.
ఆ వయసు పాటలు ఆఖరున పోతాయి."

నలభై తొమ్మిదేళ్ళ కాపురం నాది.
కాగితం రెండు రోజులు జేబులోనే నలిగింది.

కరెంటు లైన్‌మన్‌గా చేసినోణ్ణి.
ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటే
దాని జబ్బేందో కింద నించే చెప్పేవాణ్ణి.
ఇంట్లో ఒక మనిషి కూనిరాగం తీస్తంటే మాత్రం
కూరలో ఉప్పెక్కువైందని చెప్పుంటా.

ఇప్పుడామె నన్ను సార్ అంటది.
బిల్లు కట్టేసినాం సార్, ఫీజు పీకబాకండి అంటది.

ఆ పిల్ల ఏవేవో వినిపించి చూసింది,
రేడియోలో వచ్చినవి, గుళ్ళో మైకులో వచ్చినవి.
మస్తానమ్మ హెడ్‌ఫోన్లు తీసి
కొంగు చివర ముడేసుకుంది.
"ఎవురివో. అడిగితే ఇచ్చెయ్యాల."

మూడోనాడు గూడూరులో రాపూరు బస్సు మారి
సైదాపురంలో దిగినా.
గనుల దారిలో నేల ఇంకా మెరుస్తానే ఉంది,
వాన వెలిసినాక మరీను.
చెప్పులకంటిన కాకిబంగారం
దులిపితే పోయేది కాదు, నాకు తెలుసు.
పెళ్ళైన కొత్తల్లో
దిండు గలేబు మీద, కంచం అంచున, నా చొక్కా కాలరు మీద
ఆమె యాడ తిరిగితే ఆడ ఒక చిన్న మెరుపు.
ఎప్పుడు ఆగిపోయిందో చూసుకోలేదు.

పెంచలమ్మకి రెండు కళ్ళలో శుక్లాలు.
నా చెయ్యి తడిమి, కాయలు కాచిన చోట ఆగి,
"మస్తాని మొగుడివి గదా, స్తంభాలెక్కేవాడివి" అంది.
కాగితం చూపిస్తే నవ్వింది.
షెడ్డులో నలభై మంది ఆడోళ్ళు వరసగా కూచుని
కొడవలి మొనతో పలకలు చీలుస్తా పాడిన పాట
తొడ మీద దరువేస్తా, బోసినోటితో ఎత్తుకుంది:

పొరకో పొర తీస్తి, పొద్దుగూకెనమ్మా
తక్కెడ లేవకనే తరుగు తీసెనమ్మా
మేస్తిరి మీసాన కాకిబంగారమూ...

నాలుగోది ఆమెకి రాలేదు.
"అది మస్తాని కట్టిందబ్బా.
అది పాడినందుకే రెండు రోజులు పనిలోంచి నిలిపేసినారు దాన్ని."
నాకెప్పుడూ చెప్పలేదే, అన్నా.
"నువ్వడిగితివా?"

తిరుగు బస్సులో సాధన చేసినా.
పక్క సీటాయన లేచి వెనక్కి పోయినాడు.

పొగతోట మేడ మీద నస్రీన్ పెట్టె తెరవబోతే
వద్దన్నా. స్టీలు గ్లాసు, చెంచా చాలన్నా.
శ్రుతి సంగతి అడగొద్దు.
మొదటిది పాడినా. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తా ఉంది.
రెండోది. కొంగు ముడి కెలుకుతా ఉంది.
మూడోది పాడి ఆగినా,
అంతకు మించి నా దగ్గర లేదు.
చెంచా ఒక్కటే కొట్టుకుంటా ఉంది.

దులిపితే రాలేది మన కూలేనమ్మా!

షెడ్డు ఆ చివర దాకా వినబడేట్టు.
పక్క గదిలో మంచాలు కిర్రుమన్నాయి.

"దరువు తప్పతన్నావు" అంది నా వైపు తిరిగి.
"కొత్తగా చేరినావా?
కొడవలి అట్టా పట్టుకుంటే వేలు తెగద్ది."
నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి
చెంచాని సరిగ్గా పెట్టింది.
"పేరేంది నీది?"
శీనయ్య, అన్నా.
"మా ఊళ్ళో లైన్‌మన్‌దీ అదే పేరు.
మంచోడే. పాటంటేనే చెముడు."

నస్రీన్ కిటికీ వైపుకి పోయి నిలబడింది.

మళ్ళీ మొదటి నించి ఎత్తుకున్నాం,
ఆమె ముందు, నేను వెనక.
మధ్యలో ఆపి, నా దగ్గరికి వంగి,
మేస్తిరి వినకుండా చెప్పింది:
శనివారం కూలిస్తారు,
కాటా కాడ కన్నార్పకుండా నిలబడు,
ఈ మధ్య తరుగు
మరీ ఎక్కువ తీస్తన్నారు.