తాలు

అరండల్‌పేట ఎనిమిదో లైన్లో జిరాక్స్ షాపు మీద గది.
ఆరు ఫోన్లు, రెండు కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను.
అక్కడ కూర్చుని రోజుకి మూడొందల సార్లు
ఒక పెద్దాయన పేరు కొడతాను.

నాగుల్‌మీరా కారం, అని కొట్టి
ఒక్క క్షణం ఆగితే చాలు,
కింద ఓ మాట తనంతట తనే వచ్చి కూర్చుంటుంది:
కల్తీ.

ఎవరన్నారు? ఎవరూ అనలేదు.
లాలాపేటలో ఆయన మిల్లుకి నలభై ఏళ్లు.
ఆ మధ్య పక్క సందులో ఎవరిదో మిల్లుకి తాళం పడింది.
ఎవరో, ఎక్కడో, పిల్లాడికి ముద్ద కలపబోతూ
నాగుల్‌మీరా కారం కల్తీనా? అని అడిగి ఉంటారు.
ఇంకొకరు అడిగి ఉంటారు. ఇంకో పదిమంది.
ఆ గడి అందరి మాటలూ దాచుకుంది,
ప్రశ్నార్థకాన్ని మాత్రం మింగేసింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
అన్నవాళ్లెవరూ ఏప్రిల్లో
మిర్చి యార్డు గేటు ముందు నుంచి నడిచి ఉండరు.
మా ఊళ్లో నిప్పు లేకుండానే కళ్లు మండుతాయి.
బస్సులో కిటికీ మూసుకున్నవాడికి కూడా దగ్గొస్తుంది.

మా జోజిబాబు సార్ లెక్క సులువు:
చెడ్డమాటని చెరపలేం,
మంచిమాటలతో కిందికి తొక్కాలి.
అందుకని
నాగుల్‌మీరా కారం ఘాటు
నాగుల్‌మీరా కారం రంగు
నాగుల్‌మీరా కారం ఆవకాయకి
అని కొడుతూ ఉంటాను, వేళ్లు తిమ్మిరెక్కేదాకా.

మా అమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర తాలుకాయ ఏరుతుంది.
తెల్లబారినవి ఒక పక్క, ఎర్రనివి ఒక పక్క,
సాయంత్రానికి ఆ చేతులు నీళ్లలో పెట్టలేదు.
ఏం పనే నీది అని అడిగితే
నేనూ ఏరుతున్నాననే చెప్పాను.
నా చేతులు మండవు, అంతే తేడా.

మూడు వారాలైనా ఆ మాట కదల్లేదు.
నాగుల్‌మీరా గారే మెట్లెక్కి వచ్చారు,
తెల్లచొక్కా జేబు అంచు ఎర్రగా.
"చూడమ్మా, ఇంకా ఉంది," ఫోను నా ముందు పెట్టారు.
రోజూ చూస్తారా, అన్నాను.
"ఫజర్‌కి ముందోసారి, మిల్లు తీశాకోసారి.
రాత్రి నిద్ర పట్టకపోతే ఇక లెక్క లేదు.
ఆ మాట మీద నొక్కి లోపలేముందో చూసొస్తాను.
ఏమీ ఉండదు. అయినా చూస్తాను.
కోడలు చూసిద్ది, గుమాస్తా చూస్తాడు,
తెనాలి నుంచి బావమరిది చూసి మరీ ఫోన్ చేస్తాడు."

పుచ్చుపన్నుని నాలుక వదలనట్టు.

ఆ మొక్కకి నీళ్లు పోస్తున్నది ఎవరో
చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను.
ఆయన ఫోను బోర్లా పెట్టి చాలాసేపు కూర్చున్నారు.
"అయితే చూడకుండా ఉంటే పోద్దా?"
జోజిబాబు సార్ టీ తెప్పించారు.
వెళ్తూ వెళ్తూ పెద్దాయన
పావుకిలో పొట్లం నా బల్ల మీద పెట్టారు, ఏమీ అనకుండా.

బస్టాండులో చెల్లికి మెసేజ్ పెడుతూ
నాకు లేటవుద్ది, అనబోయాను.
'నా' అన్నానో లేదో
నా సొంత ఫోనే నాగుల్‌మీరా అంది.

అమ్మ పొట్లం విప్పి ఒక్కసారి వాసన చూసి
"మంచి తేజ కాయే," అంది.
ఆ చేతులకి తెలియదా?
అందరం అదే కారంతో అన్నం తిన్నాం.

వాళ్లు పడుకున్నాక లేచి
గాజు గ్లాసులో నీళ్లు పట్టి
చిటికెడు వేశాను.
ఇటుక పొడైతే మునుగుతుంది.
రంగైతే గీతలు గీతలుగా దిగుతుంది.

కారం పైనే తేలింది.

ఇంకాసేపు చూశాను.