చింతపండు మచ్చ

మలక్‌పేటలో మా అద్దె ఇంటికి
నేల పాలిష్ పట్టడానికి జాంగీర్ వచ్చేనాటికి
నేను ఆ అఖాతం నుంచి తిరిగొచ్చి తొమ్మిది రోజులు.
చెవుల్లో ఇంకా మోటారు పడవ.

మిషను చల్లారేదాకా అతను టీ తాగుతుంటే
ఫోన్లో ఫొటోలు చూపించాను:
పచ్చటి నీళ్ళు, నీళ్ళలోంచి నిటారుగా లేచిన దీవులు,
తలమీద అడవిని మోస్తూ
నీటి దగ్గర మాత్రం సన్నబడి.

ఇక్కడ మోటారు ఆపేశాడు పడవాయన.
గుహలోకి పోవాలంటే పడుకోవాలన్నాడు.
వెల్లకిలా పడుకున్నాం ఆరుగురం,
ఎవరి మోకాలు ఎవరిదో తెలీకుండా.
కప్పు ముక్కుకి జానెడు దూరం.
చెయ్యి చాచితే చల్లగా, గరుగ్గా, ఆవు నాలుకలా.
అవతల తేలాక చుట్టూ గోడలు, పైన ఆకాశం,
మధ్యలో కుంటంత సముద్రం.
నా వెనక ఆవిడెవరో ముక్కు చీదింది.
ఆ చప్పుడు మూడుసార్లు తిరిగొచ్చింది.

జాంగీర్ రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేశాడు,
దీవిని కాదు, దాని అంచుని.
"దుర్గం చెరువు కాడి గుండ్లు వేరక్కా.
అవి సచ్చినా కరగవు, మందు పెట్టి పేల్చాలె.
ఇది మన తాండూరు బండకు అన్న లెక్కుంది.
సున్నపురాయి."

లేచి వంటింట్లోకి నడిచాడు.
గట్టు కింద, రెండేళ్ళనాడు
చారుగిన్నె నా చేతిలోంచి జారిన చోట
పాలిపోయి, గరుకుదేలి, అరచేతి మేర మచ్చ.
"పులుపు తింటది దీన్ని.
నువ్వు ఒక్కపారి పోసినవ్.
ఆడ వాన, సముద్రం కలిసి
ఎన్నేండ్ల సంది పోస్తున్నయో."

వంగి చూశాను.
అంచంతా వంకరటింకర.
పక్కన విడిగా రెండు చుక్కలు,
మధ్యలో పడవ పట్టేంత సందు.

దీన్నొక్కదాన్నీ వదిలెయ్ జాంగీర్, అన్నాను.
"ఓనర్ పైసలిచ్చిండు. మచ్చ ఉంచితె నన్నే అంటడు."

మిషను మొదలైంది, గిన్నెలన్నీ వణికాయి.
రాయి అరిగి బూడిదరంగు పాలు
గడప దాటి బాత్రూం తూములోకి.
అక్కణ్ణుంచి మూసీ, మూసీ నుంచి కృష్ణ,
తర్వాతది బడిలో చదువుకున్నదే.

చీపురు పట్టుకు నిలబడ్డాను.
మూలల్లో ఆగిపోయినదాన్ని
అటువైపు కాస్త తోస్తూ.