గుదియ లేని దెబ్బ

ఆరో రాత్రి ఆవంలోంచి వినిపించింది.
పెద్ద చప్పుడేం కాదు.
గడ్డకట్టిన జిరూలా ఏటి మీద
ఎవరో మడమ మోపినట్టు, టక్.

ఓతియా తాత ఓక్ మొద్దొకటి మంటలోకి తోశాడు.
నా వైపు చూడలేదు.
చూడకపోవడంతోనే తెలిసిపోయింది.

మూడు నెలలు.
మూడు రోజులకి బెత్తెడు ఎత్తు,
అంతకు మించి మట్టి ఒప్పుకోదు.
తడిగుడ్డ కప్పి, పొద్దున్నే
జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి చూసి
మళ్ళీ బెత్తెడు.
నాకంటే ఎత్తు పెరిగింది నా కాగు.
కంఠందాకా నేలలో పాతి ద్రాక్షరసం పోస్తే
మనవళ్ళ కాలందాకా గుట్టు దాచాల్సిన కాగు.

కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు.
తిట్టుకుందామంటే నాకు
గుదియ కూడా దొరకలేదు.

ఆవం చల్లారాక
వాకిలి మూసిన ఇటుకలు ఒక్కొక్కటే లాగాం.
భుజం దగ్గర మొదలై అడుగుదాకా
వెంట్రుకవాసి గీత.
"మైనం పూస్తే ఆగదా?" అన్నాను.
"లంజీరా, ఆ భుజం కట్టిన రోజు గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. మేనత్త కూతురి పెళ్ళి.
మా ఇమెరేతిలో పెళ్ళంటే తెల్లారేదాకా పాటలే.
గుడ్డ కప్పకుండా పరిగెత్తాను.
తిరిగొచ్చి, ఆరిన అంచుమీదే పచ్చిమట్టి అద్ది
వేలితో నున్నగా దిద్దేశాను.
ఎవరికీ కనపడలేదు.
నిప్పు చూసింది.

సుత్తి నా చేతికిచ్చి
ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పెంకులు దంచుతున్నాను.
జల్లెడపట్టి, కొత్తమట్టిలో పదోవంతు కలపాలి.
ఒకసారి కాలినదానికి ఇంక కుంచించుకుపోవడం ఉండదు,
పచ్చిమట్టి బిగుసుకుపోయేటప్పుడు
లోపల్నుంచి ఆపుతుందట.
అట. నేనింకా చూడలేదు.

ఓతియా తాత పెరటి దారంతా పెంకులే.
మొత్తం ఎన్ని కాగులని అడిగితే
కాసేపు వేళ్ళు మడిచి,
టీ చల్లారిపోతోందన్నాడు.

భుజం ముక్క ఒకటి దంచకుండా కిటికీలో పెట్టాను.
నా వేలిజాడ ఉంది దానిమీద.
ఎంత ముద్దుగా దిద్దానో!

ఈరోజు కొత్త కాగుకి బెత్తెడు లేపాను.
సాయంత్రం మళ్ళీ ఒక పెళ్ళి.
గుడ్డ తడిపి, పిండి, కప్పి,
గేటుదాకా వెళ్ళి వెనక్కొచ్చి చూసి,
ఇంకోసారి వచ్చి చూసి వెళ్ళేసరికి
మొదటి పాట అయిపోయింది.