చుక్క కోసం

తలుపు మూసుకున్నాను.
బయట ఎమ్రిస్ గొట్టం తిప్పాడు.
రేకు మీద గుప్పెళ్ళతో శనగలు చల్లినట్టు నీళ్ళు.
వేల్స్‌లో వానకి కరువా?
అయినా ఆయనకి తొందర.

ఏప్రిల్లో ఈ కారవాన్‌ని పెరట్లోకి లాగినప్పుడు
గోడచెక్క నొక్కితే వేలు
తడిసిన రొట్టెలోకి దిగినట్టు దిగింది.
మంచం కింద పుట్టగొడుగులు.
"అరవై రెండు నాటిది, మనకన్నా ఏడాది చిన్నది"
అన్నాడు, అదేదో హామీ అయినట్టు.

అప్పట్నుంచీ వంటింటి బల్ల మీద
జామ్ సీసాల నిండా తుప్పు మరలు.
కుళ్ళింది కోసుకుంటూ పోతే
మిగిలింది నాలుగు వాసాలూ, ఒక గొళ్ళెం,
ఎవరి పిల్లలవో పళ్ళగాట్లున్న కిటికీ చట్రం.
అది మాత్రం మార్చనివ్వలేదు నేను.

"ఏమైనా?" బయట్నుంచి కేక.
"ఏం లేదు."
టార్చి మూలమూలకీ తిప్పాను.
"ఇప్పుడో?"
"లేదన్నాగా."

అప్పుడు, కిటికీ పైన,
కొత్త చెక్క కాస్త నల్లబడి,
ఒక చుక్క ఉబ్బి, ఆలోచించుకుని,
నా మణికట్టు మీద పడింది.

సుద్దముక్కతో ఆ చోటు చుట్టాను.
చెబితే మళ్ళీ రేకు విప్పుతాడు.
ఈ ఆదివారం కూడా
అబెరైరన్ సముద్రం లేనట్టే.

నీళ్ళు ఆగాయి.
అద్దానికి ఆనించిన అరచేతుల మధ్య ఆయన ముఖం.
చెయ్యెత్తి చూపించాను, తడి.

పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.