గడ్డ

ట్రోమ్సోలో నవంబరు. మధ్యాహ్నం రెండింటికే దీపాలు.
నా బల్ల మీద ఆకాశం ఒక పట్టీ:
ఎవరి ఉపగ్రహం, ఏ వేళకి, ఎంత వెడల్పున
ధ్రువం మీదుగా పోతుందో గళ్ళు గీసి రాసుకున్నది.
రైల్వే స్టేషన్లో వేళల బోర్డు లాంటిదే.
ఒక్క బండీ ఆగదు, అంతే తేడా.

అడగందే పైనుంచి ఏదీ చూడదు.
నాలుగు రోజుల ముందే చెప్పుకోవాలి,
ఈ పాయ, ఈ మూల, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు
కన్ను తెరిచి ఉంచమ్మా అని.
అదే నిమిషాన్ని ఓడలవాళ్ళు అడుగుతారు,
హిమనదాలు కొలిచేవాళ్ళు అడుగుతారు,
బ్యాటరీ వేడెక్కిందని ఇంజనీర్లు అసలే వద్దంటారు.
చివరి బంతికి విస్తళ్ళు సర్దేవాడి పని నాది.

ఆ వారం కానాక్ నుంచి తుకుమ్మెక్ రాసింది.
"గురువారం అవతలి ఊరికి కుక్కలబండి కడుతున్నాను.
పాయ మధ్యలో ఎలా ఉందో చూసి చెప్పండి."
ఎందుకో రాయలేదు. మేం అడగలేదు.

మాంట్రియల్‌లో మార్గో తన రాడార్‌ని బుధవారం రాత్రికి ఇచ్చింది.
ఇటలీ నుంచి ఓర్నెల్లా
ఓడలవాళ్ళతో పోట్లాడి నలభై సెకన్లు తెచ్చింది.
త్సుకుబాలో అప్పటికి తెల్లవారుజాము,
హిసానో ఆవలిస్తూనే సరేనంది.
మూరెడు సముద్రం కోసం నాలుగు గడియారాలు.

రాడార్ చీకటిని లెక్కచేయదు. మబ్బునీ.
బొమ్మ దిగింది.
పగుళ్ళు తెల్లగా, గరుకు మంచు బూడిదరంగులో,
నడిమధ్యన కాటుక అద్దినట్టు ఒక మచ్చ.
గాలిలేని నీరు అలాగే ఉంటుంది.
నిన్న రాత్రి పుట్టిన నున్నటి మంచూ అలాగే ఉంటుంది.
తిరిగిరాని పిలుపుకి ఒకటే రంగు.

"నీరా? మంచా?" అన్నాను.
మార్గో నీళ్ళు నమిలింది.
ఓర్నెల్లా వేడి కొలిచి చూద్దామంది, దానికేమో మబ్బు అడ్డం.
హిసానోది పొడుగు తరంగం, లోపలికి తొంగిచూడగలదు,
ఇంకో తొమ్మిది గంటలకి గానీ రాదు.
అంత ఎత్తున మూడు యంత్రాలు,
కాలు మోపి చూసేది ఒక్కటీ లేదు.

"మధ్యలో నలుపు. అదేమిటో తెలియదు" అని రాశాను.
ఇన్నేళ్ళ ఉద్యోగంలో
ఇంత చిన్న మాటకి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

నీరు గడ్డకట్టింది అంటాం.
నిలబడిన నేలనీ గడ్డ అనే అంటాం.
నేనెప్పుడూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.
అక్కడ ఏటా సగానికి పైగా
సముద్రమే దారి, సముద్రమే పెరడు.
ఏ రోజు నుంచి అది గడ్డ అవుతుందో
ఈమధ్య ముసలివాళ్ళు కూడా పందెం కాయడం లేదట.

గురువారం ఆమె బయల్దేరింది.
నలుపు అంచున ముందుకుక్క కూర్చుండిపోయింది.
బండి దిగి, ఇనపమొన కర్రతో పొడుస్తూ
ఒక్కతే నడిచింది.
ఒకచోట జానెడు.
ఇంకోచోట జానెడు.
ఆ తర్వాత బెత్తెడు.
తర్వాతి పోటుకి కర్ర దిగబడింది, నీళ్ళు చేతిజోడుదాకా వచ్చాయి.
సరిగ్గా అప్పుడే హిసానోది ఆమె తలమీదుగా పోయింది.
ఎవరికీ ఏమీ వినపడి ఉండదు.

ఒడ్డంట చుట్టు తిరిగి, అయిదు గంటలు ఆలస్యంగా చేరి,
రాత్రికి జవాబు రాసింది:
"కొంత నీరు, కొంత మంచు. మీరన్నది నిజమే."
కింద నాలుగు పోట్లు, నాలుగు కొలతలు,
తడి కర్ర ఫోటో.
అవతల పినతల్లి కూతురికి కుట్టుమిషను ఇవ్వాల్సి ఉండిందట,
అది భద్రంగా చేరిందట.

ఆ నాలుగు చుక్కల్ని బొమ్మ మీద పెట్టుకుని
మేం నలుగురం నలుపు చదవడం మళ్ళీ మొదలుపెట్టాం.
ఇదిగో ఇక్కడ, ఈ కాస్త మాసిన నలుపు, ఇది బెత్తెడు.
మార్గో రెండుసార్లు ఒప్పుకోలేదు. మూడోసారి ఊరుకుంది.

పట్టీలో అడుగున ఒక వరస కలిపాను:
తుకుమ్మెక్. గురువారాలు. ఎత్తు సున్నా. కుక్కలు పదకొండు.
వేళ అన్నచోట ఏం రాయాలో తెలియక
ఖాళీగా వదిలాను.