రాయి మీద దొర్లించి

గాల్లోకి లేస్తే చాలు, హెలికాప్టర్‌కి ఒకటే వణుకు.
తోక మరీనూ. బెల్టు మార్చా, జైరో మార్చా,
జీతంలో సగం దానికే పోయింది.
"రాయి మీద దొర్లించి చూశావా?" అన్నాడు మాలకొండయ్య
పాలిష్ మిషన్ ఆపకుండానే.

చీమకుర్తి నల్లరాయి.
వెంట్రుకంత పగులుందని
ఓడెక్కకుండా మిగిలిపోయిన పలక.
తడిగుడ్డతో తుడిచి,
రెక్కల నడిమి ఇరుసు ఊడదీసి
దాని మీద వేలితో తోశా.

దొర్లి దొర్లి ఒకచోట
కుంటింది.
కిందనుంచి సన్నగా వెలుతురు.

పోయిన ఆదివారం క్వారీ గట్టున పడ్డప్పటి వంకర.
"ఏం కాలేదులే" అని
నాకు నేనే చెప్పుకున్నప్పటిది.

కొత్త ఇరుసేసి, మరకు జిగురు చుక్క పెట్టి
షెడ్డు ముందే లేపా.
నిలబడింది, మేకు కొట్టినట్టు.

మాలకొండయ్య తలైనా ఎత్తలేదు.
ఒళ్లంతా రాతిపిండి,
"దుమ్ము లేపమాకబ్బా" అన్నాడు.