వెండికి తెలీదు

ఆషాఢంలో తొలి ఉరుము
సింహాచలం కొండ వెనక పడితే
దాలమ్మత్త నిద్రలోనే కాళ్లు ముడుచుకునేది.
"నాటేసినాడు" అనేది.
ఎవరని అడగకూడదు.

తెల్లారకముందే అడవివరం దాటి
జీడితోటల్లోకి ఎక్కేవాళ్లం,
తనూ, నేనూ, ఒక వెదురు తట్టా.
కొక్కుల్ని వేలెత్తి చూపకూడదు, కరిగిపోతాయి.
లెక్కపెట్టకూడదు, సిగ్గుపడి లోపలికెళ్లిపోతాయి.
పుట్టకి పదో వంతు వదిలెయ్యాలి.
లెక్కపెట్టకుండా పదో వంతెలా అత్తా అంటే
"నోర్మూసుకోయే" అనేది.

పాము ఆవులించిన చోట మొలిచిన గొడుగు
పామంత చల్లగా ఉంటుందట.
కుక్క కాలెత్తిన చోట మొలిచింది
కుక్క కూడా ముట్టదట.
జీడిచెట్టు మొదట్లో ఎర్రటిది ఒకటుండేది,
దానికి మాత్రం కథ లేదు, సాక్షి ఉంది:
గుంప సన్నాసి మేకపోతు.

తిన్న పూట నుంచి అది వెనక్కి నడిచింది.
రాయి కనబడితే చాలు ప్రదక్షిణం చేసింది.
ఆడాళ్లు వచ్చి కొమ్ములకి పసుపు రాసి
మెడలో దారం కట్టారు.
నాలుగోనాడు మామూలు మేకపోతై
ఆ దారాన్నే నమిలేసింది.

సన్నాసి ఊరుకున్నాడా?
మేకకి కనబడ్డ దేవుడు తనకెందుకు కనబడడని
అదే చెట్టు మొదట్లో వెతికాడు.
రాత్రంతా బండ మీద కూచుని నవ్వాడు.
హార్బరు బయట లంగరేసిన ఓడలు
దీపాలెత్తుకుని కొండెక్కి వస్తున్నాయని
ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచాడు,
వాటికి మంచినీళ్లిమ్మని మమ్మల్ని తిట్టాడు.
తెల్లారి ఏదీ గుర్తులేదు,
గొంతు మాత్రం వారం దాకా రాలేదు.
అత్త తేల్చేసింది:
"మేకకి బక్తి, ఆడికి పిచ్చి. కొక్కొకటే."

ఇంటికొచ్చాక పరీక్ష.
ఉడికే కుండలో తన వెండి మట్టె వేసేది.
నల్లబడితే పారబోయడం,
తెల్లగా ఉంటే ఉల్లిపాయ, పచ్చిమిరప, కాస్త పసుపు.
మట్టె ఎప్పుడూ నల్లబడలేదు.
మేమెప్పుడూ చావలేదు.
రెండూ ఒకటే అనుకున్నాం.

ఇప్పుడు నేను కేజీహెచ్‌లో ఆయాని.
మొన్నటి వానలకి మధురవాడ అపార్ట్‌మెంటు పనివాళ్లు
ఇసుక గుట్ట పక్కన తెల్లగా లేచినవి వండుకున్నారు.
వాళ్ల ఊళ్లో, రాయగడ అవతల,
అలాంటివే తింటారట.
అలాంటివే.

ఒకరోజు వాంతులు.
మర్నాడు తేరుకుని లేచి కూచుని టీ అడిగారు.
నేనే తెచ్చిచ్చాను, చెరో బిస్కెట్టూ.
వార్డంతా తేలికపడింది.
ఆ మర్నాడు సుకురు కళ్లు పచ్చబడ్డాయి.
వాడి పెళ్లాం జెమ కొంగుముడి విప్పి
అరిచేతిలో పెట్టి చూపించింది, డాక్టరుకి కాదు, నాకు.
కుండలో వేసి తీసిన వెండి మట్టె.
కడిగిన చందమామలా ఉంది.
ఆదివారం రాకముందే ఆ మంచం మీద దుప్పటి
నేనే మార్చాను.

అత్తకి చెప్పాను.
కాలివేలి మట్టె చాలాసేపు తిప్పుకుంది.
"ఎండి అబద్దమాడదే," అంది,
"ఎండికి తెల్దు."

ఇక కుండలో మట్టె వెయ్యలేదు.
తన తల్లి చూపించిన పుట్టల మీద,
వేలితో కాదు, గడ్డంతో చూపించిన పుట్టల మీద
తనకి మొహం తెలిసినవే కోస్తుంది.
మిగతావాటికి దండం పెట్టి తప్పుకుంటుంది.

నిన్న నైట్ డ్యూటీలో
వార్డు వెనక నాచు గోడ మొదట్లో
ఒకటి, తెల్లగా, ఎవరో మరిచిపోయిన టోపీలా.
వేలెత్తబోయి ఆపుకున్నాను.
పొద్దున్న చూస్తే సగం లేదు.
అంచు నుంచి గోడ మీదికి తడి చార.
దాని కొసన నత్త,
గూడు మోసుకుని, నిదానంగా,
ఏమీ తిననిదానిలా ఎక్కుతూ.